ఆయ్ అంటే అవుననేనా?

డిసెంబరు 2, సోమవారం

ఈ సాయంత్రం 4.40కి మా ఆవిడ సర్పంచ్ పదవికి నామినేషన్ వేసింది. గడువు ఐదింటికి. బరిలో ఆమె కాక ఇంకొక్కరే ఉన్నారు. ఆయన ఆమె సొంత అన్నగారు.

ఈ సంగతి నాకు పోటీ పత్రిక విలేకరి ఫోన్ చేసి చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అమలాపురం కేంద్రంగా వార్తలు రాస్తున్నాను. మా ఇంటి వార్త మాత్రం బయటివాడు చెబితే తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి సూర్యావతి బీరకాయల చెక్కు తీస్తోంది.

"నిజమేనా?"

"ఆయ్."

"ఎందుకు?"

"డ్వాక్రా వాళ్ళు వచ్చి, ఈసారి నువ్వు నిలబడాలి వదినా అన్నారండీ. ఆయ్ అన్నాను."

"అంటే ఒప్పుకున్నావు."

"ఎక్కడండీ! వింటున్నానని ఆయ్ అన్నాను. వాళ్ళేమో ఒప్పుకున్నాననుకుని కాయితాలన్నీ తయారు చేయించేసేరు. వాళ్ళ లీడరు రామలక్ష్మి పొద్దుటి నుంచీ మండలాఫీసు దగ్గరే కూచుందంట. ఇప్పుడు కాదంటే ఏం బావుంటుంది?"

"మీ అన్నయ్య నిలబడ్డారని తెలుసా?"

"తెలుసండీ."

"మరి?"

"అదేనండీ, తెలీడం లేదు," అంది. బీరకాయ చేదేమోనని చిన్న ముక్క కొరికి చూసింది.

డిసెంబరు 3

నా కోసమే రాసుకుంటున్నా, వాస్తవాలు ముందు పెట్టడం అలవాటు.

మా సర్పంచ్ వేసవిలో ఖతార్ వెళ్ళాడు. అక్కడ సూపర్‌వైజరు ఉద్యోగం బాగుందట, రాజీనామా పంపేశాడు. అందుకే ఈ ఉప ఎన్నిక. నేను అల్లుడిగా వచ్చి స్థిరపడ్డ ఈ ఊరిలో ఉన్నది ఒకటే సమస్య: నల్లకోడు. పొలాల మురుగంతా మోసుకెళ్ళి నదిలో కలపాల్సిన కాలువ అది. గుర్రపుడెక్క పట్టి, గట్లు జరిగి, సగానికి సగం పూడిపోయింది. నాలుగు చినుకులు పడితే చేలు మునుగుతాయి.

గంగబాబు గారు, అంటే మా బావగారు, చిన్నప్పుడు జిల్లా ఫస్టు. పుణెలో ముప్పై ఏళ్ళు నదుల మీద పరిశోధన చేసి, నిరుడు రిటైరై వచ్చారు. వాళ్ళావిడ పద్మశ్రీ గారు కూతురి పురిటికని పుణెలోనే ఉన్నారు. నల్లకోడుని ఆ చివరి నుంచి ఈ చివరికి కొలిచి, ఎక్కడ ఎంత తవ్వాలో పటం గీశారు. ఈ మండలంలో ఇంత తెలివైన సర్పంచ్ అభ్యర్థి నాకు తెలిసి నిలబడలేదు. ఇది విశేషణం కాదు, వాస్తవం.

సూర్యావతి ఇంటర్ ఒకసారి తప్పి, రెండోసారి పాసైంది. మనిషి నిదానం. నిదానం విశేషణం కనక కొట్టేస్తున్నాను.

ఆయన పొద్దున్నే వచ్చారు. ఎప్పుడూ నేరుగా వంటింటి దాకా వెళ్ళే మనిషి వసారాలోనే నిలబడిపోయారు.

"ఏమ్మా, గెలిస్తే ఏం చేద్దామని?"

"కోడు తవ్విద్దామన్నయ్యా."

"ఎలా తవ్విస్తావు?"

"నువ్వు చెప్పినట్టే."

"నేను చెప్పినట్టే తవ్వించడానికి నేనున్నాను కదా! మధ్యలో నువ్వెందుకు?"

"ఆయ్ అనేసేనన్నయ్యా."

ఆయన నా వైపు తిరిగారు. "బావగారూ, ఇది కారణమేనా? మీరు చదువుకున్నవారు, చెప్పండి."

నేను తటస్థుణ్ణని చెప్పాను.

"సరే. ఎన్నికయ్యేదాకా ఈ గుమ్మం తొక్కను. దీని చేతిలో ఓడిపోతే ఆ తర్వాత కూడా తొక్కను. ఇల్లు అద్దెకిచ్చేసి పుణె పోతాను," అని వెళ్ళిపోయారు.

ఆయన ఉన్నంతసేపూ సూర్యావతి నిబ్బరంగానే ఉంది. వెళ్ళాక మాత్రం, "అమ్మా నాన్నా పోయేక నాకున్న పుట్టిల్లంతా ఈయనొక్కడేనండీ," అంది.

పద్మశ్రీ గారు పుణె వెళ్ళినప్పటి నుంచి ఆయన మధ్యాహ్నం భోజనం మా ఇంటి నుంచే క్యారేజీలో వెళుతుంది. అమలాపురం వెళుతూ నేను ఇచ్చి, తిరిగొస్తూ గిన్నెలు తెస్తాను. ఇవాళ కందబచ్చలి కూర. ఆయనకి ప్రాణం. సాయంత్రం క్యారేజీ ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చింది.

"ప్రత్యర్థి వండింది తినకూడదు," అన్నారు. నిబంధనల్లో అలాంటిదేమీ లేదు.

డిసెంబరు 4

డెస్క్ నుంచి ప్రసాద్ ఫోన్ చేశాడు.

"సార్, మీ ఊరి ఎన్నిక మీరు కవర్ చేస్తే బాగోదేమో."

"నేనే చెబుదామనుకుంటున్నా."

"బదులు ఆదివారం పేజీకి ఒక వ్యాసం ఇవ్వండి సార్. నాయకుడికి తెలివితేటలు కావాలా? మీ కోనసీమ జనం ఏమంటారో నలుగురిని అడిగి రాయండి. గొడవలేని సబ్జెక్టు."

"ఇది ఎవరి ఆలోచన?"

"పై నుంచి వచ్చింది సార్."

"అయితే పైవాళ్ళని కూడా అడగనా?"

"వద్దు సార్. ఫోటోలు మర్చిపోకండి."

గొడవలేని సబ్జెక్టట. మా ఇంట్లోనే బరిలో ఉంది.

డిసెంబరు 5

క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళేసరికి బావగారు మంచి ఉత్సాహంలో ఉన్నారు.

"తూర్పు వీధంతా తిరిగేను. తొంభై శాతం మనకే."

"ఎలా చెప్పగలరు?"

"ఎలా ఏమిటండీ? నేరుగా అడిగేను. నాకు ఓటేస్తారా అన్నాను. ప్రతి ఇంట్లోనూ ఆయ్ అన్నారు."

నవ్వు ఆపుకోవడానికి హెల్మెట్ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆయ్‌లు మూడు రకాలు. కూర్చున్న చోటే పొట్టిగా అంటే, వింటున్నానని. కొంచెం సాగదీస్తే, మీరు చెప్పేది నమ్మడం లేదుగానీ పెద్దవారు కదా అని. లేచి నిలబడి అంటే, ఒప్పుకున్నానని. గోదావరి దాటి ఇటు వచ్చిన కొత్త అధికారులందరూ మొదటి నెల ఈ దెబ్బ తింటారు. గంగబాబు గారు ఇక్కడే పుట్టారు. పుణెలో మరిచిపోయారు.

ఆయనకి చెప్పలేదు. తటస్థుణ్ణి కదా.

రేపు మధ్యాహ్నం మూడింటి దాకా ఉపసంహరణ గడువుంది. సాయంత్రం సూర్యావతిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాను. ఆయన తెలివి ఊరికి అవసరం, నీకు నీ అన్నయ్య అవసరం, తప్పుకుంటే రెండూ దక్కుతాయి, డ్వాక్రా వాళ్ళకి నేను సర్దిచెబుతాను అన్నాను. అంతా శ్రద్ధగా వింది.

"ఆయ్," అంది.

ఒక సమస్య తీరింది.

డిసెంబరు 6

ఉపసంహరించుకోలేదు.

పొట్టి ఆయ్ అట.

డిసెంబరు 7

గుర్తులిచ్చారు. ఆయనకి ఉంగరం, ఈవిడకి కత్తెర. క్యారేజీ మళ్ళీ నిండుగా వచ్చింది. గుత్తి వంకాయ. నేను తిన్నాను. ఈ ఎన్నికల్లో ఇప్పటివరకు లాభపడింది నేనొక్కణ్ణే.

డిసెంబరు 8, ఆదివారం

వ్యాసం కోసం తిరిగాను.

బండారులంకలో శ్రీరాములు గారు, నేతపని. మగ్గం ఆపకుండానే మాట్లాడారు. "డిజైను గీసేవాడికి తెలివి కావాలండీ. మగ్గం మీద కూచునేవాడికి ఓపిక కావాలి. నాయకుడు ఈ రెంట్లో ఏ పని చేస్తాడో మీరు చెప్పండి, అప్పుడు నేను చెబుతాను." ఉన్నదున్నట్టు రాసుకున్నాను. మాట బాగుంది.

రామచంద్రపురంలో ఉమాదేవి గారు, రిటైరైన ప్రిన్సిపాల్. "నా దగ్గర క్లాసు ఫస్టు వచ్చినవాళ్ళు ఇద్దరు ఎన్నికల్లో నిలబడ్డారండీ. ఒకడు గెలిచేడు, ఇంకొకడు ఓడిపోయేడు. గెలిచినవాడు ఫోనెత్తడు. ఓడినవాడు మొన్నొచ్చి గ్యాస్ బండ మార్చి వెళ్ళేడు. తెలివి ఇద్దరికీ సమానమే. నూటికి తొంభై ఆరు వేసేను ఇద్దరికీ."

"అయితే తెలివి అక్కర్లేదంటారా?"

"ఆ మాట అన్లేదే! తొంభై ఆరు ఊరికే వేస్తానా? ఫోనెత్తితే గెలిచినవాడే ఎక్కువ పనికొస్తాడు."

తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కన కూర్చున్న ఆయన్ని కూడా అడిగాను. "తెలివైనోడు దోచుకుంటే కనపడదండీ. తెలివి లేనోడు దోచుకుంటే కనపడిపోద్ది. మనకి కనపడేది మంచిది కదండీ," అన్నాడు. ఇది పత్రికలో వేసుకోరు.

డిసెంబరు 9

బడి వసారాలో సభ. ఇద్దరు అభ్యర్థులూ వచ్చి కోడు గురించి చెప్పాలని ఊరివాళ్ళు అడిగారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను, తటస్థంగా.

బావగారు పటం గోడకి తగిలించి ముప్పావుగంట మాట్లాడారు. అంతా నిజం. గట్టు మీద ముందుకు జరిగి వేసిన కొబ్బరిచెట్లన్నీ కొట్టాలి, మూడు చోట్ల వంపు సరిచేయాలి, నది దగ్గర తూము తలుపులు మార్చాలి. లెక్కలతో సహా చెప్పారు. తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు.

లాజరు లేచాడు. ఐదెకరాలు కౌలుకి చేస్తాడు, వార్డు మెంబరు. "అయ్యా, మా కౌలు చేల పక్క కూడా చెట్లున్నాయండి. అవి కొట్టేస్తే చెట్లవాళ్ళు మా మీద పడతారు కదండి. అప్పుడెలాగండి?"

"నేను పావుగంట కిందట చెప్పింది ఇదే. విన్నావా, నిద్రపోయావా? చెట్లు ఉన్నంతకాలం మీరు మునుగుతూనే ఉంటారు. ఇరవై ఏళ్ళుగా మునుగుతున్నారు, ఒక్కరికీ బుర్రకి తట్టలేదు!"

"ఆయ్," అన్నాడు లాజరు. సాగదీసిన ఆయ్. బావగారు తృప్తిగా తలాడించారు.

సూర్యావతి వంతు వచ్చింది. లేచి, "నాకు అన్నయ్య చెప్పినంత తెలీదండీ. అన్నయ్య పటం ప్రకారమే చేయిస్తాను," అని కూర్చుంది. అంతే ప్రసంగం.

బావగారు లేచి నిలబడ్డారు. "ఇది నా పటం! దొంగతనం!"

"దొంగతనం ఏముందన్నయ్యా, నువ్వే కదా గోడకి తగిలించేవు?"

ఊరంతా నవ్వింది. నేను దగ్గాను.

బయటికి వస్తూ లాజరుని అడిగాను, వ్యాసానికి పనికొస్తుందేమోనని. "ఇద్దరిదీ ఒకటే పటం కదా లాజరూ. గీసినాయన్నే ఎన్నుకోవచ్చు కదా?"

"ఆయన కోడు బాగా తవ్విస్తారండి, అల్లుడు గారూ. అనుమానం లేదండి. రోజూ మమ్మల్ని కూడా తవ్వుతారేమోనని."

డిసెంబరు 10

సూర్యావతి ప్రచారానికి వెళ్ళి మధ్యాహ్నానికి మూడు ఇళ్ళే పూర్తిచేసి వచ్చింది. ఒక ఇంట్లో అప్పడాలు వత్తిందట. ఈ లెక్కన ఊరు తిరగడానికి ఉగాది దాటుతుంది. ఆ మాటే అన్నాను.

"వాళ్ళు చెబుతుంటే మధ్యలో లేచి రాలేం కదండీ."

క్యారేజీ నిండుగానే వచ్చింది.

డిసెంబరు 12

వానలు. నిన్న మొదలైన అల్పపీడనం. కోసిన వరి ఇంకా కట్టలు కట్టకుండా పనల మీదే పరిచి ఉంది, ఊరిలో సగం చేలు అలాగే ఉన్నాయి. పొద్దుటికి పనలు నీళ్ళలో తేలుతున్నాయి.

పది దాటాక ఊరంతా తూము దగ్గరికి వెళ్ళింది. కోడు నదిలో కలిసే చోట ఉన్న తూము అది. తలుపులెత్తితే చేలల్లో నీళ్ళు నదిలోకి పోతాయి. కానీ నది పోటు మీద ఉంటే, సముద్రపు నీళ్ళు ఎగదన్ని ఉప్పునీరే చేలోకి వస్తుంది. అందుకని పాటు వచ్చి నది దిగేదాకా ఆగి ఎత్తాలి. ఇది ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఇవాళ ఆ వేళకి పాటు రావాలి. ఆ లెక్కతోనే వచ్చారు.

బావగారు అప్పటికే తూము మీద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎత్తొద్దు! నది దిగలేదు. తూర్పుగాలి తోస్తోంది, నీళ్ళు లోపలే నిలబడిపోయాయి. ఇప్పుడెత్తితే ఉప్పునీరు వస్తుంది!"

"వేళయిపోయిందండీ!" అని ఒకరు అరిచారు.

"వేళ కాదు, లెవెల్ చూడాలి! ఇంత చిన్న విషయం మీ బుర్రలకి ఎక్కదా?"

ఆ మాటతో దుర్గారావు తలుపు తిప్పే చక్రం దగ్గరికి దూకాడు. అతనివి ఏడెకరాల పనలు నీళ్ళలో ఉన్నాయి. "ఈయన పుణె లెక్కలు మాకొద్దు. ఎత్తండ్రా!" నలుగురు చెయ్యి వేశారు. బావగారు గొడుగు వదిలేసి చక్రానికి అడ్డంగా నిలబడ్డారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్నో తోపులాటలు చూశాను. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

సూర్యావతి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు మీద నడిచి వచ్చింది. పరిగెత్తలేదు. అంత జారుడులో పరిగెత్తితే పడుతుంది.

"ఎంతసేపు ఆగాలన్నయ్యా?"

"గంటన్నర."

"గంటన్నరకి కచ్చితంగా దిగుద్దా?"

ఆయన ఆగారు. అబద్ధం చెబితే అక్కడితో గొడవ తీరిపోయేది. "కచ్చితంగా అని చెప్పలేను. గాలి తగ్గుతోంది కనక దిగాలి."

ఆమె జనం వైపు తిరిగింది. "దుర్గారావు బాబాయ్, మా చేలూ మునిగేయి. అన్నయ్య గంటన్నర ఆగమంటున్నాడు. కచ్చితం కాదని కూడా తనే చెప్పేడు. ఉప్పునీరొస్తే రాబోయే దాళ్వా పంట కూడా పోద్ది. నేను ఆగుతాను. మీరేమంటారు?"

గట్టు మీద గొంతుక్కూర్చున్న లాజరు లేచి నిలబడ్డాడు.

"ఆయ్," అన్నాడు.

దుర్గారావు చక్రం వదిలాడు.

టార్పాలిన్ కింద అందరూ నిలబడ్డారు. ఆమె ఎవరి చేతో టీ తెప్పించింది. దుర్గారావుకి మొదట ఇచ్చింది, రెండోది అన్నయ్యకి. తడిసిపోయి ఉన్నారాయన. తీసుకున్నారు. గంటన్నర అయింది, నది దిగలేదు. జనం ఆయన వైపు కాదు, ఆమె వైపు చూశారు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన నీళ్ళ వైపు చూస్తూ, "ఇంకొంచెం," అన్నారు. ఆమె, "ఇంకొంచెమంట," అంది. అర్ధగంట తర్వాత దిగింది. తలుపులెత్తారు. సాయంత్రానికి చేలల్లో నీళ్ళు లాగేశాయి. తడిసిన ధాన్యం కొంత పోయింది, ఉప్పు మాత్రం ఎక్కలేదు.

ఇది మొదటి పేజీ వార్త. నేను రాయకూడదు. కవర్ చేయాల్సిన కుర్ర విలేకరి వానకి అమలాపురంలో ఆగిపోయాడట.

డిసెంబరు 13

క్యారేజీ ఖాళీగా వచ్చింది. తోమి పంపారు.

సూర్యావతి మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి చూసింది.

డిసెంబరు 15, ఆదివారం

పోలింగ్ మధ్యాహ్నం ఒంటిగంటకి ముగిసింది. రెండింటికి లెక్కింపు. సూర్యావతికి 611, గంగబాబు గారికి 588, చెల్లనివి 14. ఆధిక్యం 23.

నేను ఎవరికి వేశానో ఇక్కడ కూడా రాయను. రహస్య ఓటు రహస్యమే. తటస్థత అంటే అది.

డిసెంబరు 16

పొద్దున్న కాఫీ ఇస్తూ సూర్యావతి అంది: "మీ ఓటు అన్నయ్యకే వేసేరు కదండీ."

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. నిన్న పొద్దున్న ఓటేసొచ్చి, కాఫీ బావుందని రెండుసార్లన్నారు. ముప్పై ఏళ్ళలో ఒకసారి కూడా అన్లేదు."

"కాఫీ నిజంగానే..."

"పర్లేదండీ. ఆయన తెలివైనవాడు. నేనూ ఆయనకే వేద్దామనుకున్నాను. రామలక్ష్మి ఊరుకోదని మానేసేను."

ఇది నిజమో ఎగతాళో తెలియలేదు. ముప్పై ఏళ్ళ సంసారం తర్వాత కూడా.

క్యారేజీ తీసుకెళ్ళాను. బావగారి వీధి గదిలో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. ఆదివారం సాయంత్రం రాజమండ్రి నుంచి రైలుకి టికెట్టు తీశారట.

"అందరూ ఆయ్ అన్నారు బావగారూ! ప్రతి ఇంట్లో!"

"కూర్చుని అన్నారా, లేచి నిలబడి అన్నారా?"

"అంటే?"

చెప్పాను, మూడు రకాలూ. పూర్తిగా విన్నారు. 

"ముందే చెప్పొచ్చు కదా?"

"తటస్థుణ్ణి కదండీ."

"మూడేనా? నాలుగోది లేదూ?" అని అడిగారు. తర్వాత, "దీని మీద ఎవరైనా రీసెర్చి పేపరు రాయాలి," అన్నారు. సూట్‌కేసు మాత్రం మూయలేదు, సర్దడం ఆపలేదు.

క్యారేజీ నిండుగా తిరిగొచ్చింది.

డిసెంబరు 17

నిండుగానే.

డిసెంబరు 18

నిండుగానే. సూర్యావతి ప్రమాణ స్వీకారం అయింది. దండలు వేశారు. ఫోటోలో నవ్వలేదు. ఫోటోగ్రాఫరు, "సర్పంచ్ గారూ, కొంచెం నవ్వండి," అంటే, "ఆయ్," అంది. నవ్వలేదు.

డిసెంబరు 19

వ్యాసం పంపాను. ప్రసాద్ ఫోన్.

"బాగుంది సార్. కానీ ముగింపు లేదు. నాయకుడికి తెలివి కావాలా వద్దా? ఒక వాక్యం చెప్పేయండి."

"నలుగురు నాలుగు చెప్పారు, నాలుగూ రాశాను."

"మీ అభిప్రాయం సార్."

"నాకు అభిప్రాయం లేదు."

"ఒకవేళ ఉంటే?"

ఉంది. ఈ నెల మొదట్లో ఉన్నది వేరు, ఇప్పుడున్నది వేరు. ఇప్పుడున్నది రాయడానికి సరిపడా ఆధారాలు లేవు. ఒక వాన, ఒక తూము, ఇరవై మూడు ఓట్లు. మా ఆవిడ, మా బావగారు. ఇంత దగ్గరి సాక్ష్యం ఏ డెస్కూ ఒప్పుకోదు.

ఆ తూము దగ్గర ఆయన లేకపోతే ఉప్పు ఎక్కేది. ఆవిడ లేకపోతే ఆయన నల్లకోడులో పడేవారు. ఇది మాత్రం వాస్తవం.

"బస్సులో ఆయన చెప్పిన మాట వేసుకుని ముగించు," అన్నాను.

"అమ్మో," అన్నాడు.

డిసెంబరు 20, శుక్రవారం

క్యారేజీ నేనే ఇస్తాను రండి అని సూర్యావతి బండెక్కింది. కందబచ్చలి.

బావగారు తలుపు తీసి, పక్కకి జరిగారు. రమ్మనలేదు, వద్దనలేదు. సూట్‌కేసులు తాళాలు వేసి ఉన్నాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి కంచం తెచ్చి, వడ్డించి, ఎదురుగా కూర్చుంది. కాసేపు చూసి ఆయనా కూర్చున్నారు.

"సోమవారం డ్రైనేజీ ఇంజినీరు వస్తున్నాడన్నయ్యా. కోడు పొడుగునా నడవాలి. ఆయన అడిగేవి నాకు తెలీవు. నువ్వు రా."

"నాకు ఆదివారం రైలుంది."

"తెలుసు."

"గెలిచావు కదా. ఇంక నాతో పనేమిటి? నీ తెలివితో నువ్వు చేసుకో."

"నీకున్నంత తెలివి నాకు లేదని ఊరందరికీ తెలుసన్నయ్యా. వాళ్ళకి తెలిసే వేసేరు. నీ దగ్గరికొచ్చి అడుగుతానని కూడా తెలుసు. నువ్వు రాకపోతే వాళ్ళ ఓటు సగమే చెల్లినట్టు."

ఆయన ముద్ద కలుపుతున్నారు. తినడం లేదు.

"చెట్లవాళ్ళని ఎవరడుగుతారు? నన్ను చూస్తే కర్రలు పట్టుకొస్తారు."

"వాళ్ళ సంగతి నాది. ముందు మనవి కొట్టిద్దాం. కోడు గట్టున నాన్న వేసిన చెట్లు పదకొండున్నాయి కదా. అవి పడిపోతే మిగతావాళ్ళని అడగడం తేలిక."

"పన్నెండు."

"ఏంటన్నయ్యా?"

"చెట్లు పన్నెండు. వంపులో ఉన్నది వదిలేసావు. నీకు ఎప్పుడూ లెక్క రాదు."

"చూసేవా," అంది సూర్యావతి. "అందుకే."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత కంచం ఖాళీ అయ్యేదాకా నేను గోడ మీద పాత క్యాలెండరు చదివాను.

ఆమె గిన్నెలు సర్దుతూ, "సోమవారం ఎనిమిదింటికి, తూము దగ్గర," అంది.

"ఆయ్," అన్నారాయన.

ఊరు తిరిగొచ్చాక ఆయన నోట ఆ మాట నేను వినడం ఇదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే కుర్చీలోంచి లేస్తున్నారు. చెయ్యి కడుక్కోవడానికి కూడా కావచ్చు.

దారిలో బండి మీద అడిగాను. "ఏ ఆయ్ అది?"

"మూడు రకాలూ మీరే కదండీ కనిపెట్టేరు," అంది వెనక నుంచి.

డిసెంబరు 21, శనివారం

టికెట్టు రద్దు చేశారో లేదో అడగలేదు. అడిగితే చెబుతారు, అప్పుడది వాస్తవమైపోతుంది. ఒక్కరోజు ఆగగలను.

క్యారేజీ ఖాళీగా వచ్చింది. కానీ రైలెక్కేవాడు కూడా తిని గిన్నెలు ఖాళీ చేస్తాడు.

సూర్యావతి అటక మీంచి గొడుగులు దింపి, దులిపి, వసారాలో ఆరబెట్టింది. మూడు. ఒకటి తనకి, ఒకటి ఇంజినీరుకి, ఒకటి ఆయనకి. నాలుగోది ఏదని అడిగాను.

"మీరు తటస్థులు కదండీ."

రేపు సాయంత్రం 6.10కి రాజమండ్రిలో రైలు. ఎల్లుండి ఉదయం ఎనిమిదింటికి పాటు మొదలవుతుంది.